పక్క రాష్ట్రం ఏనుగును గుడికి తీసుకురావాలంటే అనుమతులు ఎలా తెచ్చుకోవాలి?

బ్రహ్మోత్సవాలకు ఏనుగు కావాలి. మన జిల్లాలో లేదు. కర్ణాటకలో ఒకాయన దగ్గర ఉంది, పంపిస్తానంటున్నాడు. "లారీ ఒకటి మాట్లాడుకుంటే సరిపోతుందా సార్?" అటవీ శాఖ ఆఫీసులో ఫైళ్లు నడిపి రిటైరైన నాకు పండగల ముందు ఇలాంటి ఫోన్లు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పుకొచ్చే ఓపిక తగ్గింది కాబట్టి ఒకేసారి రాసిపెడుతున్నాను.

లారీ మాట్లాడుకోవడం ఈ పనిలో దాదాపు చివరి మెట్టు. ఏనుగు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జంతువు. మచ్చికైనదైనా, పుట్టినప్పటి నుంచి మనుషుల మధ్యే పెరిగినదైనా అంతే. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు 43వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు పెట్టారు: సరైన యాజమాన్య ధ్రువపత్రం ఉన్నవాళ్లు మతపరమైన పనులకో, మరో పనికో ఏనుగును బదిలీ చేయవచ్చు, తరలించవచ్చు, కాకపోతే కేంద్రం పెట్టిన షరతులకు లోబడి. ఆ షరతులే 2024 మార్చిలో వచ్చిన పెంపుడు ఏనుగుల బదిలీ, రవాణా నిబంధనలు. తెలుసుకోవాల్సిన చట్టం ఇంతే. మిగతాదంతా కాగితాల పని.

ముందు తేల్చుకోవాల్సినవి

ఏనుగు మీ దగ్గరే ఉండిపోవాలా, నాలుగు రోజులుండి వెళ్లిపోవాలా? మొదటిది బదిలీ, రెండోది రవాణా. దరఖాస్తులో ఏదో ఒకటి స్పష్టంగా ఉండాలి. "ప్రస్తుతానికి ఉత్సవాలకు, తర్వాత చూద్దాం" అని రాసిన కాగితం ఏ అధికారి చేతికొచ్చినా పక్కన పడుతుంది.

బదిలీ అయితే కారణం మూడింట్లో ఒకటై ఉండాలి: ఇప్పటి యజమాని ఇక పోషించలేకపోవడం, మీ దగ్గర దానికి ఇప్పటికంటే మెరుగైన పోషణ దొరకడం, లేదా పోషణ దృష్ట్యా ఇదే తగినదని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే ఉన్నతాధికారి) భావించడం. మూడింట్లోనూ మీ గుడి వైభవం ప్రస్తావన లేదు, గమనించండి. ఏనుగుకు ఏం మేలన్నదే ఫైలంతా అడిగే ప్రశ్న. దరఖాస్తులో మొదటి పేరా నుంచే దానికి జవాబు కనిపించాలి. స్థలపురాణం రెండు పేజీలు రాసి, మేత ఎక్కణ్నుంచి తెస్తారో ఒక్క ముక్క రాయని దరఖాస్తులు చాలా చూశాను.

ఇక డబ్బు సంగతి. ఏనుగును అమ్మకూడదు, అమ్మకానికి పెట్టకూడదు, వ్యాపార పద్ధతిలో ఇంకే ప్రతిఫలానికీ బదిలీ చేయకూడదు. ఇది 43వ సెక్షన్‌లోనే ఉంది. "దానం" అని కాగితం రాసుకుని, లక్షలు బ్యాంకులో వేసిన వాళ్లున్నారు. బ్యాంకు స్టేట్‌మెంట్ దాగదు. లీజు అని పేరు పెట్టినా విచారణలో మొదట అడిగేది "ఎంత?" అనే.

దగ్గర పెట్టుకోవాల్సిన కాగితాలు

మొదటిది యాజమాన్య ధ్రువపత్రం. అసలు మీరు కళ్లారా చూడాలి, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోతో ఆగొద్దు. పత్రంలో పేరున్న మనిషి బతికే ఉన్నాడా అని అడగండి. నవ్వులాటకు కాదు. తండ్రి పేరు మీద ఉన్న పత్రంతో కొడుకు సంతకాలు పెట్టేయడం అన్నిటికంటే మామూలుగా జరిగే పొరపాటు. పేరు మారనిదే ఫైలు కదలదు.

రెండోది గుర్తింపు కోసం ఏనుగు చర్మం కింద వేసిన మైక్రోచిప్ నంబరు. మూడోది జన్యు వివరాలు. దేశంలోని పెంపుడు ఏనుగుల డీఎన్ఏ వివరాలను డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ సాయంతో కేంద్ర పర్యావరణ శాఖ "గజ్ సూచనా" యాప్‌లో ఎక్కిస్తోంది. ఆ ఏనుగు వివరాలు ఎక్కకపోతే బదిలీకి అనుమతి రాదు. అది యజమాని తన రాష్ట్ర అటవీ శాఖ ద్వారా చేయించుకోవాల్సిన పని, మీవల్ల అయ్యేది కాదు.

ఇవి కాక పశువైద్యుడి ధ్రువపత్రం, మావటి, సహాయకుడి గుర్తింపు కాగితాలు, ఏనుగు ఫొటోలు. ఫొటోలు ముందు నుంచి, రెండు పక్కల నుంచి, వెనక నుంచి ఉండాలి. దంతాలుంటే దగ్గర నుంచి కూడా. పూలదండలు, ముఖపట్టం, నుదుటి మీద నామాలతో తీసిన ఫొటోలు పనికిరావు. చెవి అంచు చిరుగులు, తోక చివర, మచ్చలు కనిపించాలి. మీ వైపు నుంచి దేవస్థానం లేదా ట్రస్టు తీర్మానం, స్థలం స్కెచ్, మేత, నీటి ఏర్పాట్ల వివరం.

1. ఏనుగున్న జిల్లాలో మొదలుపెట్టండి

దాదాపు అందరూ తప్పేది ఇక్కడే. మన వాళ్లు ముందు మన డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి) దగ్గరికి, అక్కణ్నుంచి అటవీ శాఖ ప్రధాన కార్యాలయం అరణ్య భవన్‌కు, తర్వాత ఎమ్మెల్యే గారి సిఫారసు లేఖకు తిరుగుతారు. ఈలోపు నెల గడిచిపోతుంది. దరఖాస్తు పెట్టాల్సింది ఏనుగు యజమాని. పెట్టాల్సిన చోటు ఆ ఏనుగు రిజిస్టరైన ప్రాంతపు డిప్యూటీ కన్జర్వేటర్ ఆఫ్ ఫారెస్ట్స్ ఆఫీసు. మన దగ్గర డీఎఫ్ఓ అంటామే, దాదాపు ఆ కుర్చీయే. కర్ణాటకలో అయితే డీసీఎఫ్ అని అడగండి.

ఏనుగు ఒక జిల్లాలో ఉంటూ, పత్రం మరో జిల్లాలో ఇచ్చినదై ఉండొచ్చు. అప్పుడు రిజిస్టరైన చోటికే వెళ్లాలి.

దరఖాస్తు ఇచ్చాక ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. నంబరు లేని దరఖాస్తు ఇవ్వనట్టే.

2. చిప్ నంబరు మీరే సరిచూసుకోండి

నా సర్వీసులో ఒక ఫైలు ఇరవై రెండు రోజులు ఆగింది. కారణం ఒక్క అక్షరం. యాజమాన్య పత్రంలో చిప్ నంబరులో ఇంగ్లీషు బీ అక్షరం ఉంది. పశువైద్యుడి పత్రం టైపు చేసినాయన దాన్ని ఎనిమిది అనుకున్నాడు. అసలు దరఖాస్తులోనేమో సున్నా ఉండాల్సిన చోట ఓ అక్షరం పడింది. మూడు కాగితాలు, మూడు నంబర్లు. కాగితం ప్రకారం చూస్తే అవి మూడు వేర్వేరు ఏనుగులు. నేనే ఆ ఫైలు మీద "నంబర్లు సరిపోలడం లేదు, వివరణ కోరడమైనది" అని రాసి వెనక్కి పంపాను. కమిటీ వాళ్లు నన్ను తిట్టుకునే ఉంటారు. రాయకపోతే పైవాళ్లు నన్ను తిట్టేవాళ్లు.

పాత చిప్‌ల నంబర్లలో అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు రావచ్చు, ఓ మాత్రం రాదు. కాబట్టి ఓ కనిపిస్తే అది సున్నాయే. పశువైద్యుడు రీడర్ పెట్టి చదివేటప్పుడు పక్కనే నిలబడి తెర ఫొటో తీసుకోండి. తర్వాత ప్రతి కాగితంలోని నంబరునూ ఆ ఫొటోతో పోల్చండి. ఒకరు చదవాలి, మరొకరు వేలు పెట్టి చూడాలి. కళ్లతో చూసేసి "సరిగ్గానే ఉంది" అనుకుంటే ఇంతే సంగతులు.

రీడర్ పెడితే ఏమీ చదవకపోతే? చిప్ జరిగి ఉండొచ్చు, పాడై ఉండొచ్చు, రీడర్ ఆ రకానిది కాకపోయి ఉండొచ్చు. మరో రీడర్‌తో చూడమనండి. అప్పటికీ రాకపోతే యజమాని ఆ సంగతి అక్కడి అటవీ శాఖకు రాసిచ్చి, కొత్త చిప్ వేయించి, పత్రంలో ఎక్కించుకోవాలి. మీ అంతట మీరు ఎవరో డాక్టరును పిలిపించి కొత్త చిప్ వేయించారో, ఏనుగును మార్చారన్న అనుమానం మీ నెత్తిన పడుతుంది.

3. రెండు వైపులా తనిఖీ

డీసీఎఫ్ తరఫున ఏనుగు ఇప్పుడున్న చోటు చూస్తారు, పశువైద్యుడి అభిప్రాయం తీసుకుంటారు. ఫైలు ఆ రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, అక్కణ్నుంచి మన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, ఆయన నుంచి మన డీఎఫ్ఓకు దిగుతుంది. అప్పుడు మన వాళ్లు మీ స్థలం చూడటానికి వస్తారు. మీ డీఎఫ్ఓ ఆఫీసు మెట్లు ఎక్కాల్సిన సమయం ఇది. పై నుంచి లేఖ వచ్చిందా, తనిఖీ ఎప్పుడు అని అడగండి.

వచ్చినవాళ్లు కల్యాణ మండపం చూడరు. నీళ్లు ఎక్కడ, నీడ ఎక్కడ, నేల ఏమిటి, పేడ ఎక్కడికి పోతుంది, మావటి ఎక్కడ పడుకుంటాడు అని చూస్తారు. పెద్ద ఏనుగు రోజుకు నూట యాభై కిలోలకు తక్కువ కాకుండా మేత మేస్తుంది, వంద లీటర్లకు పైగానే నీళ్లు తాగుతుంది. మూడు గెలల అరటిపళ్లు, భక్తులిచ్చే కొబ్బరి చిప్పలు మేత కిందికి రావు. పచ్చగడ్డి ఎవరు, రోజుకు ఎంత, ఎన్నాళ్లు సరఫరా చేస్తారో ఒప్పంద కాగితం చూపించండి. షెడ్డు కొలతలకు కేరళ నిబంధనలు మంచి ఆధారం: పెద్ద ఏనుగుకు 9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. నేలంతా సిమెంటు చేయకండి, మట్టి ఉండనివ్వండి.

మైకులు, బాణసంచా ఎంత దూరమో కూడా అడుగుతారు. "ఏం కాదు సార్, అలవాటైన ఏనుగే" అనొద్దు. ఆ మాట విన్న అధికారి రిపోర్టులో ఏం రాస్తాడో నాకు తెలుసు.

4. ఉత్తర్వు వచ్చాక చదవండి

ఫైలు పూర్తయి ముందుకొచ్చాక చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఏడు రోజుల్లో అవుననో కాదనో తేల్చాలని నిబంధన. ఆ ఏడు రోజులు చూసి ముహూర్తం పెట్టుకోకండి. రెండు రాష్ట్రాల విచారణలకు, మధ్య తపాలాకు పట్టే కాలం వేరే. మూడు నెలలు చేతిలో ఉంచుకోమంటాను. పది రోజుల ముందు వచ్చి "ఎలాగైనా చూడండి సార్" అన్నవాళ్లకు నేనెప్పుడూ ఒకే సలహా ఇచ్చాను, దాన్ని చివర్లో చెప్తాను.

ఉత్తర్వు చేతికి రాగానే చూడాల్సినవి: ఏనుగు పేరు, ఆడా మగా, చిప్ నంబరు, బయల్దేరే చోటు, చేరే చోటు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ పనికి. "నిరభ్యంతరం" అని ఒక రాష్ట్రం ఇచ్చిన లేఖను అనుమతి అనుకుని లారీ ఎక్కించిన వాళ్లున్నారు. అది సగమే. పంపే రాష్ట్రం ఉత్తర్వు, తీసుకునే రాష్ట్రం సమ్మతి రెండూ చేతిలో ఉండాలి. దారిలో మూడో రాష్ట్రం తగిలితే, అక్కడి అటవీ శాఖకు ముందే ఉత్తర్వు కాపీతో లేఖ పెట్టి, అందినట్టు రసీదు తీసుకోండి. కేరళ నుంచి వచ్చే ఏనుగులకు ఇది తప్పదు.

ఊరేగింపులో విన్యాసాలు చేయిస్తే అది ప్రదర్శన అవుతుంది. 2001 నాటి ప్రదర్శన జంతువుల నిబంధనల కింద జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ అవసరమవుతుంది. తొండంతో దండ వేయించడం లాంటివి కార్యక్రమంలో పెట్టకపోవడమే నయం.

5. ప్రయాణం

దరఖాస్తుతో పెట్టిన ఆరోగ్య పత్రం ఇప్పటికి పాతబడి ఉంటుంది. బయల్దేరే ముందు కొత్తది తీసుకోవాలి. ప్రయాణానికి తగినట్టుంది, అంటువ్యాధి లక్షణాలు లేవు అని అందులో ఉండాలి. ఏనుగులకు క్షయ సోకుతుంది, మనుషుల నుంచి వాటికీ వాటి నుంచి మనుషులకూ. కాబట్టి ఆ పరీక్ష సంగతి అడగండి. అంటువ్యాధి ఉంటే క్వారంటైన్ గడువు ముగిసేదాకా కదపకూడదు.

మగ ఏనుగైతే కణతలు చూడండి. కంటికీ చెవికీ మధ్య నూనెలా తడి జారుతుంటే, వెనక కాళ్లు మూత్రంతో తడిసి ఉంటే మదం వచ్చినట్టు. ఆ రోజు ప్రయాణం లేదు, ఆ నెలా లేదు. ఉత్తర్వు గడువు దాటిపోతుందన్న భయంతో ఎక్కించకండి. గడువు పొడిగించమని రాసుకోవచ్చు.

మావటీ సహాయకుడూ వెంట ఉండాలి. ఆ ఏనుగుతో ఉండే మావటే కావాలి, "మా ఊళ్లో తెలిసినాయన" కాదు. ఎక్కించే ముందు కడుపునిండా మేపి, నీళ్లు తాగించాలి. దారి పొడుగునా మేత, నీళ్లు ఎక్కడెక్కడ అన్నది ముందే అనుకోవాలి. బెదిరే ఏనుగుకు మత్తు ఇవ్వాల్సి వస్తే పశువైద్యుడు రాసిచ్చిన మందే ఇవ్వాలి. మావటి దగ్గర ఉండే సీసాలు వద్దు.

లారీ విషయంలోనూ కేరళ లెక్కలే పట్టుకుంటాను: పెద్ద ఏనుగుకు బాడీ పొడవు 12 అడుగులకు తగ్గకూడదు. లారీ లేకుండా ఏనుగును నడిపిస్తే ఒక్క బిగిన 3 గంటలు, రోజుకు 30 కిలోమీటర్లు మించకూడదు. 50 కిలోమీటర్లు దాటితే వాహనంలోనే. లారీ నేల మీద ఇసుక గానీ, గడ్డి గానీ పరవండి, జారదు. ఎక్కే దిమ్మ ముందే చూసి ఉంచండి. దిగే చోట దిమ్మ సంగతి మర్చిపోయి, రాత్రి పదింటికి జేసీబీ కోసం పరుగులు పెట్టిన కమిటీ ఒకటి నాకు తెలుసు. అంతసేపూ ఏనుగు లారీలోనే నిలబడి ఉంది.

కాగితాలన్నీ రెండు సెట్లు. ఒకటి డ్రైవర్ దగ్గర, ఒకటి వెనక కారులో. చెక్‌పోస్టులో జిరాక్సు చూపి "అసలు ఆఫీసులో ఉంది" అంటే ఏనుగు అక్కడే ఆగుతుంది.

6. చేరాక

లారీ దిగగానే మళ్లీ చిప్ చదివించి, మన వైపు పశువైద్యుడితో పరీక్ష చేయించి కాగితం తీసుకోండి. రాష్ట్రం దాటిన 30 రోజుల్లోగా ఇక్కడి అటవీ శాఖకు రాతపూర్వకంగా తెలియజేయాలి. అది కూడా 43వ సెక్షన్‌లోదే. అనుమతి వాళ్లే ఇచ్చారు కదా, వాళ్లకు తెలియదా అని ఊరుకోవద్దు. అనుమతి వేరు, చేరిందని తెలపడం వేరు. రసీదు ఫైల్లో పెట్టండి.

అనుమతి లేకుండా తెస్తే

మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అన్నది మామూలు ఉల్లంఘనలకు. మొదటి షెడ్యూలు జంతువుకు సంబంధించిన నేరంగా తేలితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా, జరిమానా కనీసం 25 వేలు. కానీ అసలు నష్టం ఏనుగు చేజారడం. కొల్హాపూర్ జిల్లా నాందణి జైన మఠం ఏనుగు మహాదేవి కేసు గుర్తుండే ఉంటుంది, మాధురి అని కూడా పిలిచేవారు. అనుమతి లేకుండా ఊరేగింపుల కోసం తెలంగాణకు తీసుకెళ్లారన్నది దాని మీద వచ్చిన ఆరోపణల్లో ఒకటి. 2025 జూలైలో బాంబే హైకోర్టు దాన్ని గుజరాత్‌లోని జామ్‌నగర్ ఏనుగుల సంరక్షణ కేంద్రానికి పంపమంది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఊరు ఊరంతా ఏడ్చింది. ఇలాంటి జంతువుల మీద ఫిర్యాదులు వినే జస్టిస్ దీపక్ వర్మ కమిటీ పరిధిని సుప్రీంకోర్టు 2023 మార్చిలోనే దేశమంతటికీ విస్తరించింది. ఊరేగింపు వీడియో ఒక్కటి చాలు, ఫిర్యాదు వెళ్లడానికి.

అనుమతి రాకపోతే

జంతు ప్రదర్శనశాల ఏనుగును అడిగి లాభం లేదు. చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీలు (శిక్షణ ఇచ్చిన ఏనుగులు) వచ్చాయి కదా, వాటిని పంపమని అడిగినవాళ్లూ ఉన్నారు. అవి పంటల మీదికొచ్చే అడవి ఏనుగులను తరమడానికి వచ్చినవి.

యంత్రపు ఏనుగు ఒక దారి. త్రిశ్శూర్ జిల్లా ఇరింజాడపిళ్లి శ్రీకృష్ణ ఆలయం 2023లో అలాంటిదాన్ని తెచ్చుకుంది. చెవులు ఆడిస్తుంది, తొండం ఎత్తుతుంది, బరువు 800 కిలోలు. చూసినవాళ్లు బాగుందనే అన్నారు.

పది రోజుల ముందు వచ్చేవాళ్లకు నేనిచ్చే సలహా మాత్రం ఇది: మీ గుళ్లో గజవాహనం ఉంది కదా, వార్నిష్ వేయించండి.

తిరుగు ప్రయాణం

ఏనుగు నాలుగు రోజులకే వచ్చి ఉంటే, వెనక్కి పంపడం కూడా రాష్ట్రం దాటించడమే. ఉత్తర్వులో తిరుగు ప్రయాణం తేదీ ఉందో లేదో మొదటే చూసుకోండి. లేకపోతే ఏనుగు ఇంకా అక్కడ ఉండగానే అడిగి రాయించుకోండి. తిరిగి వెళ్లేటప్పుడూ కొత్త ఆరోగ్య పత్రం కావాలి, మళ్లీ చిప్ చదివించాలి. ఏనుగు ఇంటికి చేరిందని యజమాని తన డీసీఎఫ్‌కు ఇచ్చిన లేఖ కాపీ మీ చేతికి వచ్చేదాకా రవాణా బిల్లులో ఆఖరి వాయిదా ఆపి ఉంచండి. లేకపోతే ఆ లేఖ కోసం మీరే నాలుగుసార్లు ఫోన్ చేయాల్సి వస్తుంది.